పామర్ కోఠీ నుంచి తాలాబ్‌కట్ట దాకా: సూద్ బజారు కిస్సా

కోఠీలో బస్సు దిగి ఉమెన్స్ కాలేజీ గోడ వెంబడి నడిచినప్పుడల్లా నాకొక కంపెనీ గుర్తొస్తుంది. ఇప్పుడది లేదు. రెండు వందల ఏళ్ల కిందటే దివాలా తీసింది. అయినా గరీబీ గురించి, ప్రైవేటు వ్యాపారం గురించి ఎవరు తఖ్రీర్ చేసినా ముందు ఆ కంపెనీయే నా కళ్ల ముందు నిలబడుతుంది.

ఆ మధ్య బంజారాహిల్స్‌లో ఒక సెమినార్‌కి వెళ్లాను. నౌకరీ కదా, వెళ్లక తప్పదు. వేదిక మీదున్న పెద్దమనిషి చెప్పిన మాట ఇది: సర్కారు సబ్సిడీలతో గరీబీ పోదు. పేదవాడి చేతికి పెట్టుబడి అందిస్తే చాలు, వాడే వ్యాపారి అవుతాడు. ఆ పెట్టుబడి ఇచ్చే కంపెనీకి లాభం రావాలి, లాభం వస్తేనే అది లక్షల మందికి చేరుతుంది. హాలంతా చప్పట్లు. వినడానికి మాకూల్‌గానే ఉంది. కాకపోతే ఆయన దాన్ని కొత్త మాటలా చెప్పారు. ఈ వాదాను మన షహర్ కనీసం రెండుసార్లు విన్నది. రెండోసారైతే ప్రపంచం మొత్తానికి ఈ షహర్ బస్తీలే ప్రయోగశాల అయ్యాయి. నయాపూల్ దాటి ఇంటికొస్తూ ఆ రెండు కిస్సాలూ పక్కపక్కన పెట్టి రాద్దామనుకున్నాను.

మొదటిది పామర్ కిస్సా. 1814లో రెసిడెన్సీ నీడలో, అంటే తర్వాత ఉమెన్స్ కాలేజీ అయిన పాత భవనం దగ్గర, విలియం పామర్ అండ్ కంపెనీ అనే వ్యాపార సంస్థ మొదలైంది. ఈ విలియం పామర్ పూరా అంగ్రేజ్ కాదు. తండ్రి ఈస్టిండియా కంపెనీ జనరల్, తల్లి ఫైజ్ బఖ్ష్ బేగం, మన షరీఫ్ ఖాందాన్ మహిళ. పామర్ నిజాం ఫౌజులో కొన్నేళ్లు పనిచేసి, తర్వాత తిజారత్‌లోకి దిగాడు. గోదావరి అడవుల్లోని టేకు, పత్తి మొదటి సరుకులు. దేశంలో వ్యాపారం పెరుగుతుంది, నదుల మీద రవాణా పెరుగుతుంది, రియాయాకి (ప్రజలకి) ఫాయిదా అని చెప్పుకున్నారు. కొంత నిజం కూడా.

కానీ టేకు నరకడం కంటే సులువైన వ్యాపారం పక్కనే ఉంది. సికందర్ జాహ్ కాలమది. ఖజానా చూసేది పేష్కార్ రాజా చందూలాల్. అంగ్రేజు అఫ్సర్ల కింద నడిచే ఫౌజుకి నెల నెలా తన్‌ఖా ఇవ్వాలి, అదీ నగదుగా. మాల్‌గుజారీ వసూలయ్యేది పంట చేతికొచ్చాక. ఈ మధ్యలో డబ్బు ఎవరిస్తారు? పామర్ కోఠీ ఇచ్చింది. వడ్డీ ఏడాదికి నూటికి పాతిక దాకా.

నిజానికి ఇది కుదరకూడదు. ఆర్కాట్ నవాబుకి అప్పులిచ్చి మద్రాసు దొరలు చేసిన నిర్వాకం చూసి, దేశీ రాజులకి బ్రిటిష్ వాళ్లు ఇజాజత్ లేకుండా అప్పులివ్వకూడదని 1797లో ఇంగ్లండ్ పార్లమెంటు ఖానూన్ చేసింది. 1816లో గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ పామర్ కంపెనీకి ఆ ఇజాజత్ ఇచ్చేశాడు. కంపెనీలో ఒక భాగస్వామి సర్ విలియం రంబోల్డ్. హేస్టింగ్స్ పెంచిన అమ్మాయిని పెళ్లాడినవాడు. మిగతాది మీకు చెప్పనక్కర్లేదు. టెండర్లు, అల్లుళ్లు, మన పేపర్లలో రోజూ చదువుతున్న విషయమే.

1820లో అరవై లక్షల ఖర్జ్ ఒకటి మంజూరైంది. రాజ్యంలో దుబారా తగ్గించడానికి, రైతులకి సాయం చేయడానికి అని కాగితం మీద రాశారు. అదే ఏడాది చివర చార్లెస్ మెట్కాఫ్ రెసిడెంట్‌గా వచ్చాడు. బహీఖాతాలు తిరగేస్తే తేలిందేమిటంటే, ఆ అరవై లక్షల్లో చాలా భాగం పాత అప్పుల్నే కొత్త పద్దులోకి మార్చడం. ఎనిమిది లక్షలు కంపెనీ భాగస్వాములకి బోనస్. రైతు పేరు పెట్టి తీసిన అప్పు రైతు దాకా రానేలేదు.

కంపెనీ వాళ్ల జవాబు కూడా ఉంది, అది మనం ఇమాందారీగా వినాలి. ఈ షహర్‌లో సాహుకార్లు ఇంతకంటే తక్కువకేమీ ఇవ్వడం లేదు, మేం రివాజ్ ప్రకారమే తీసుకుంటున్నాం అన్నారు. ఈ జవాబును గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

ఆ అప్పు ఎలా తీరిందో చూడండి. ఉత్తర సర్కారులు, అంటే గుంటూరు నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న తెలుగు కోస్తా కింద ఈస్టిండియా కంపెనీ నిజాంకి ఏటా ఏడు లక్షలు పేష్కష్ కట్టేది. 1823లో నిజాం ఆ పేష్కష్‌ని హమేషాకి వదులుకున్నాడు. బదులుగా ఒకేసారి సుమారు కోటీ పదహారు లక్షలు వచ్చాయి. అందులోంచి పామర్ బాకీ కట్టారు. మరుసటి ఏడాదే పామర్ కోఠీ దివాలా తీసింది. కోస్తా మీద ఏటేటా వచ్చే రాబడి పోయింది, ఇటు తెలంగాణ తాలూకాల్ని చందూలాల్ ఇజారాకి, అంటే గుత్తకి ఇస్తూ పోయాడు. గుత్తదారు తానిచ్చిన డబ్బు ముందు రాబట్టుకోవాలి. వాడు రాబట్టేది రైతు దగ్గరే. షహర్‌లో కోఠీ మూతబడినా దాని సూద్ నల్లగొండ, మెదక్ రైతులు ఏళ్ల తరబడి కట్టారు.

పామర్ తర్వాత ఆ ఖాళీని పూరించినవాళ్లు బయటివాళ్లేమీ కాదు. కార్వాన్ అసలు పేరు కార్వాన్-ఎ-సాహూ. సాహుకార్ల కార్వాన్ అన్నమాట. బేగంబజార్‌లో గోసాయి మఠాల వాళ్లు, మార్వాడీలు, గుజరాతీలు హుండీలు నడిపారు. ఇంకొక విషయం మన సభల్లో ఎవరూ ఎత్తరు, నేను ఎత్తుతాను. అరబ్ జమాదార్లు, రోహిలాలు కూడా వడ్డీ వ్యాపారం చేశారు. అయిదు పూటలా నమాజు చదివేవాళ్లే. జాగీర్‌దారుకి అప్పిచ్చి తాలూకాలు రాయించుకున్నారు, ఇవ్వనివాణ్ని ఇంట్లో బంధించారు, గుమ్మం ముందు బైఠాయించారు. మొదటి సాలార్‌జంగ్ 1853లో దీవాన్ అయ్యాక ఆయనకి ఎదురైన పెద్ద తలనొప్పి వీళ్లే. అరబ్బుల తగాదాల కోసం ఖజాయా-ఎ-ఉరూబ్ అని ప్రత్యేక అదాలత్ నడపాల్సి వచ్చింది. సూద్ హరామ్ అని మనం ఎంత గట్టిగా అన్నా, ఈ షహర్ తారీఖ్‌లో సూద్‌ఖోర్‌కి ఒక మజ్‌హబ్ అంటూ లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో సర్కారు రెండు పనులు చేసింది. 1914లో సహకార పరపతి సంఘాల ఖానూన్ తెచ్చింది. ఉర్దూలో వాటి పేరు ఎంత బాగుంటుందో, అంజుమన్-ఎ-ఇమ్దాద్-ఎ-బాహమీ. ఒకరికొకరు ఆసరా అయ్యే సంఘం. ఫస్లీ 1349లో, అంటే 1939-40 ప్రాంతంలో, వడ్డీ వ్యాపారుల మీద ఖానూన్ చేసింది. ఆ ఖానూన్ తెలంగాణలో ఇంకా బతికే ఉంది. పాతబస్తీలో ఎవరైనా గిరిగిరి ఫైనాన్స్ వాడి మీద కేసు పెడితే, ఎఫ్‌ఐఆర్‌లో ఇప్పటికీ ఫస్లీ సన్ కనబడుతుంది. క్రైమ్ రిపోర్టర్‌గా ఉన్నప్పుడు ఒక కొత్త ఎస్‌ఐ నన్ను అడిగాడు, “1349 ఏంది సార్, టైపింగ్ మిస్టేకా?” అని.

దీనికి సమాంతరంగా ఇంకొక దారి ఉండేది. ఉస్మానియాలో చదువు చెప్పి, 1948 తర్వాత పారిస్‌లో స్థిరపడిపోయిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ పేరు చాలామంది వినే ఉంటారు. ఇస్లామీ ఆర్థిక ఆలోచనకి, ఆచరణకి హైదరాబాద్ చేసిన సేవ గురించి ఆయన 1955లో యూరప్ పరిశోధనా పత్రికలో ఒక వ్యాసం రాశారు. బిలా సూదీ ఖర్జా, అంటే వడ్డీ లేని అప్పు ఇచ్చే అంజుమన్లు ఈ షహర్‌లో పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే ఉన్నాయి. ఇస్లామీ బ్యాంకింగ్ అనే మాట దుబాయిలో, జెద్దాలో వినబడడానికి చాలా ముందు సంగతి ఇది. కానీ అవి ఒక దఫ్తర్‌కో, ఒక ముహల్లాకో పరిమితమైన చిన్న సంఘాలు. ఒకరినొకరు ఎరిగినవాళ్ల మధ్య నడిచాయి. అదే వాటి బలం, అదే వాటి కొలతా.

1948 తర్వాత పాతబస్తీ సంగతి వేరుగా చెప్పాల్సిన పనిలేదు. ఫౌజు రద్దయింది, మరుసటి ఏడు జాగీర్లు పోయాయి. వాటి మీద ఆధారపడిన జవాన్లు, గుమాస్తాలు, నౌకర్లు, బావర్చీలు, దర్జీలు ఒక్కసారిగా రోజు కూలీ బజార్లో పడ్డారు. నెల తన్‌ఖా ఉన్నవాడికి బ్యాంకు అప్పిస్తుంది. కార్చోబీ చేసేవాడికి, లాడ్‌బజార్‌లో లక్క గాజులకి రాళ్లు అద్దేవాడికి, ఠేలా మీద పళ్లు అమ్మేవాడికి ఎవరిస్తారు? పొద్దున తొమ్మిది వందలిచ్చి సాయంత్రం వెయ్యి తీసుకునేవాడిస్తాడు. గిరిగిరి అంటే అదే. గిర్రున తిరుగుతూనే ఉంటుంది.

ఈ నేపథ్యంలోనే రెండో కిస్సా.

1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా అనే ఊళ్లో ముహమ్మద్ యూనుస్ 42 మందికి మొత్తం 27 డాలర్లు అప్పిచ్చారు. వాళ్లు తిరిగి కట్టారు. దాంట్లోంచి 1983లో గ్రామీణ్ బ్యాంక్ వచ్చింది, 2006లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈలోగా సి.కె. ప్రహ్లాద్ 2004లో ఒక పుస్తకం రాశారు. పిరమిడ్ అడుగున ఉన్న కోట్లాది పేదలు దానం అడిగేవాళ్లు కాదు, వాళ్లే పెద్ద మార్కెట్, కంపెనీలు అక్కడికి వెళ్తే కంపెనీలకి లాభం, పేదలకి విముక్తి అన్నారు. సెమినార్ పెద్దమనిషి మాటలకి ఉస్తాద్ ఆయనే.

ఈ ఆలోచన నిజమవుతుందో లేదో తేల్చడానికి దేశంలో హైదరాబాద్ కంటే ముందున్న షహర్ లేదు. విక్రమ్ ఆకుల మొదలుపెట్టిన స్వయం కృషి సంఘం, అదే ఎస్‌కేఎస్, 1998లో మెదక్ జిల్లా నారాయణ్‌ఖేడ్ వైపు మొదటి అప్పులిచ్చింది. గుంటూరులో పద్మజారెడ్డి స్పందన మొదలుపెట్టారు. షేర్, అస్మిత వచ్చాయి. స్వచ్ఛంద సంస్థలుగా పుట్టినవి కంపెనీలయ్యాయి, కంపెనీల్లోకి విదేశీ పెట్టుబడులొచ్చాయి.

మా ఇంటికి కూడా వచ్చాయి. అప్పుడు మేం తాలాబ్‌కట్టలో ఉండేవాళ్లం. అమ్మీ కార్చోబీ చేసేది. 2008లో మా గలీలో పదిమంది ఆడవాళ్లతో ఒక గ్రూపు కట్టారు. కంపెనీ పేరు రాయను. పది వేలు ఇచ్చారు. యాభై వారాలు, వారానికి రెండు వందల పాతిక లోపే. నూటికి పన్నెండు రూపాయల వడ్డీ అని ఆ కుర్రాడు చెప్పాడు. నేను డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివినవాణ్ని, హిసాబ్ నాకు కాస్త దూరం. అయినా ఒక రాత్రి కూర్చుని లెక్కేశాను. మొదటి వారం నుంచే అసలు కొంచెం కొంచెం వెనక్కి ఇచ్చేస్తున్నప్పుడు, ఏడాది మొత్తం మీద మన చేతిలో సగటున ఉన్నది అయిదు వేలే. అయిదు వేల మీద పన్నెండు వందల వడ్డీ అంటే నూటికి ఇరవై నాలుగు. అమ్మీకి చెప్పాను. “గిరిగిరివాడికి కట్టేదాంట్లో ఇది పావు కూడా కాదు బేటా, నువ్వు పడుకో” అంది.

ఆమె మాట తప్పు కాదు. ఆ రోజుల్లోనే హైదరాబాద్ బస్తీల్లో ఒక పెద్ద పరిశోధన జరుగుతోందని మాకు తెలియదు. అమెరికాలోని ఎంఐటీ ప్రొఫెసర్లు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, వాళ్ల సహచరులు స్పందనతో కలిసి 104 బస్తీలు ఎంచుకున్నారు. లాటరీ వేసి 52 బస్తీల్లో ముందు అప్పులివ్వడం మొదలుపెట్టారు, మిగతా 52 బస్తీల్ని కొన్నాళ్లు ఆపారు. మందు పనిచేస్తుందో లేదో చూడడానికి డాక్టర్లు చేసే పద్ధతి ఇది. 2005లో ముందస్తు సర్వే చేస్తే, పదిళ్లకి దాదాపు ఏడిళ్లకి అప్పటికే అప్పుంది. సగటు వడ్డీ నెలకి నూటికి దాదాపు నాలుగు రూపాయలు. బ్యాంకు అప్పు ఉన్నవాళ్లు బహు తక్కువ. అంటే ఏడాదికి 24 శాతం తీసుకునే కంపెనీ నిజంగానే సస్తా. పామర్ జవాబు గుర్తుందా? బజారు రివాజ్ కంటే మేం ఎక్కువ తీసుకోవడం లేదు అన్నది. వీళ్లు అంతకంటే మెరుగు, రివాజ్‌లో దాదాపు సగానికే ఇచ్చారు.

మరి గరీబీ తగ్గిందా? అప్పులు మొదలైన పదిహేను, పద్దెనిమిది నెలలకి మళ్లీ వెళ్లి చూశారు. మొదటి ఆశ్చర్యం, అప్పు తీసుకున్నవాళ్లే తక్కువ. కంపెనీ వెళ్లిన బస్తీల్లో కూడా నూటికి ఇరవై ఏడు కుటుంబాలే ఏదో ఒక మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకున్నాయి. వెళ్లని బస్తీల్లో పద్దెనిమిది, ఎందుకంటే వేరే కంపెనీలు అప్పటికే దిగాయి. ముందునుంచే దుకాణమో ఠేలానో ఉన్నవాళ్లు కొంత పెట్టుబడి పెంచారు, వాళ్లలో పైనున్నవాళ్లకి లాభమూ పెరిగింది. ఇంట్లో మన్నికైన వస్తువులు కొనుక్కున్నారు. పాన్, తంబాకు, చాయ్ లాంటి ఖర్చు తగ్గింది. కిస్తు కట్టాలి కదా మరి. కానీ ఇంటి మొత్తం ఖర్చు, అంటే బతుకు స్థాయి, చెప్పుకోదగ్గట్టు పెరగలేదు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాటకి విలువలో తేడా కనబడలేదు. ఇంకో రెండేళ్లకి చూస్తే మొదట్లో కనబడిన తేడాల్లో కూడా చాలావరకు చెరిగిపోయాయి. పరిశోధన పత్రం 2015లో అచ్చయింది. 2019లో బెనర్జీ, డఫ్లోలకి మరొకరితో కలిపి నోబెల్ వచ్చింది.

నేను ఆ పత్రం చదివింది చాలా ఆలస్యంగా. చదువుతుంటే అమ్మీ పది వేలు గుర్తొచ్చాయి. నాలుగు వేలు కార్చోబీ సామాను, సలీమా, సితారా. మిగతావి చెల్లెలి ఆపరేషన్‌కి. నాలుగు వేల సామానుతో కొంత ఎక్కువ పని దొరికింది, కానీ షేర్వానీ దుకాణంవాడు ముక్కకి ఇచ్చే మజూరీ పెంచలేదు. ఎందుకు పెంచుతాడు? మా గలీలో పదిమందికీ అప్పు దొరికింది, పదిమందీ అదే పని ఎక్కువ చేశారు. దుల్హన్ల సంఖ్య పెరగలేదు. అప్పు అమ్మీని మునిగిపోకుండా పట్టుకుంది, అది నిజం. ఒడ్డుకి చేర్చలేదు. ఈ తేడా సెమినార్లలో మాయమైపోతుంది.

2010 జులై ఆఖర్లో ఎస్‌కేఎస్ షేర్లు బజారుకొచ్చాయి. ఒక్కో షేరు 985 రూపాయలు. అమ్మకానికి పెట్టినదానికి పదమూడు రెట్లు దరఖాస్తులు. సుమారు 35 కోట్ల డాలర్లు వసూలు. కంపెనీకి అప్పటికి 60 లక్షలకి పైగా ఖాతాదారులు, దాదాపు అందరూ పేద ఆడవాళ్లు. పేదల నుంచి ఇలా లాభం తీయడాన్ని యూనుస్ ఖుద్ బహిరంగంగా తప్పుపట్టారు. ఆకుల జవాబు పాత సూత్రమే. పెట్టుబడి బజారు నుంచి కాకపోతే ఇన్ని లక్షల మందికి సరిపడా డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది?

జవాబులో దమ్ముంది. కానీ షేరు కొన్నవాడికి ప్రతి మూడు నెలలకీ పెరుగుదల చూపించాలి. పెరుగుదల అంటే కొత్త ఖాతాలు, లేదా పాత ఖాతాకి పెద్ద అప్పు. అలా ఒకే గలీకి నాలుగు కంపెనీలొచ్చాయి. ఒకరి కిస్తు ఇంకొకరి అప్పుతో కట్టడం మొదలైంది. బయట నుంచి చూస్తే వసూలు నూటికి తొంభై తొమ్మిది, మాషాఅల్లాహ్! లోపల కుండ పగిలి ఉంది. ఒక గురువారం మా పక్కింటి ఖాలా కిస్తు కట్టలేదు. గ్రూపు అప్పు కాబట్టి మిగతా తొమ్మిదిమందీ ఆమె గుమ్మంలో కూర్చున్నారు. ఆ కుర్రాడు పెద్దగా ఏమీ అనలేదు, అనాల్సిన పనే లేదు, ఆమె ఇరవై ఏళ్ల సహేలీలు అన్నారు. మా అమ్మీ కూడా అక్కడే కూర్చుంది. ఆ సంగతి ఆమె తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. నేను అడిగితే లేచి వంటింట్లోకి వెళ్లేది. రోహిలా ధర్నా పంతొమ్మిదో శతాబ్దంతో పోయిందనుకున్నాం. పోలేదు, గ్రూపు చేతికి మారింది.

ఆ ఏడాది జిల్లాల నుంచి ఆత్మహత్యల వార్తలు పదుల్లో వచ్చాయి. కంపెనీలు మాకు సంబంధం లేదన్నాయి. అక్టోబర్ 15న ఆంధ్రప్రదేశ్ సర్కారు ఆర్డినెన్స్ తెచ్చింది. జిల్లాలో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఇంటి గుమ్మానికి వెళ్లి వసూలు చేయకూడదు, వారం కిస్తు కాదు, నెల కిస్తు, మొత్తం వడ్డీ అసలుని మించకూడదు. ఈ చివరిది కొత్తదేమీ కాదు. దామ్‌దుపట్ అని మన దేశంలో ఎప్పటి నుంచో ఉన్న న్యాయమే. సర్కారు తన మహిళా సంఘాల్ని కాపాడుకోవడానికే ఇదంతా చేసిందని కంపెనీలు ఆరోపించాయి. ఆ ఆరోపణలో కూడా కొంత నిజం లేకపోలేదు. ఏదైతేనేం, నెలల్లో వసూలు నూటికి పది దాకా పడిపోయింది.

అలా జరిగినప్పుడు మన పత్రికల్లో చాలామంది పండగ చేసుకున్నారు. నేనూ ఒక వ్యాసం రాశాను, సూద్‌ఖోర్లకి సజా పడిందని. ఇప్పుడు దాన్ని చదివితే నాకే సిగ్గేస్తుంది. ఎందుకంటే, కంపెనీ కుర్రాడు రావడం మానేసిన రెండో నెలకే గిరిగిరివాడి బైక్ మా గలీలో మళ్లీ కనబడింది. ఇది నా ఒక్కడి ముషాహిదా కూడా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు ఇరుక్కుపోయిన కంపెనీలు వేరే రాష్ట్రాల్లో కూడా అప్పులు ఆపాల్సి వచ్చింది. అక్కడేమైందో బ్రెజా, కినన్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కలు తీసి 2021లో ప్రచురించారు. అప్పులు ఆగిన జిల్లాల్లో రోజు కూలీ రేట్లు తగ్గాయి, ఇంటి ఖర్చు తగ్గింది. అప్పు తీసుకోని కూలీవాడి జేబుకి కూడా చిల్లు పడింది. చిన్న దుకాణాల చేతిలో డబ్బు ఆగిపోతే వాళ్లు పెట్టుకునే మనిషి కూడా ఆగిపోతాడు. అంటే ఈ వ్యాపారం గరీబీని తరిమేయలేదు, కానీ ఉన్నపళంగా అది మాయమైతే గరీబు మీదే దెబ్బ. రెండూ నిజమే. ఒకటి ఒప్పుకున్నవాళ్లు రెండోది ఒప్పుకోరు.

రిజర్వు బ్యాంకు మాలేగాం కమిటీ వేసింది, 2011లో వడ్డీకి 26 శాతం హద్దు పెట్టింది. 2022 ఏప్రిల్ నుంచి ఆ హద్దు తీసేసింది. ఎస్‌కేఎస్ పేరు మార్చుకుని, 2019లో ఒక పెద్ద బ్యాంకులో కలిసిపోయింది. 2020 డిసెంబర్‌లో ఫోన్ యాప్‌ల అప్పుల కిస్సా బయటపడింది. వాటి కాల్ సెంటర్లు కూడా మన షహర్‌లోనే దొరికాయి. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు అదుపులో ఉన్న సంస్థలకి రాష్ట్ర మైక్రోఫైనాన్స్ ఖానూన్ వర్తించదని చెప్పింది. దర్వాజా మళ్లీ తెరుచుకుంది.

మరి మనం? 1966లో మొదలైన తూర్ బైతుల్ మాల్ లాంటి సంస్థలు వడ్డీ లేకుండా ఎన్నో ఇళ్లకి ఆసరా అయ్యాయి. 1995 నాటి పరస్పర సహాయక సంఘాల ఖానూన్ కింద కొన్ని బిలా సూదీ సొసైటీలు కూడా నడుస్తున్నాయి. అల్లాహ్ వాళ్లకి జజా ఇవ్వాలి. కానీ చాలాచోట్ల అప్పు బంగారం తాకట్టు మీద. బంగారం ఉన్నవాడికి ఖర్జ్-ఎ-హసనా, లేనివాడికి గిరిగిరి. మింబర్ మీద నుంచి సూద్ హరామ్ అనే ఖుత్బా జుమ్మా జుమ్మాకీ వింటాం. గురువారం పొద్దున ఠేలా నింపడానికి మూడు వేలు ఎక్కడ దొరుకుతాయో ఆ ఖుత్బాలో ఉండదు. పైగా హలాల్ మునాఫా అని పేరు పెట్టి జనం డబ్బు పోగుచేసి ముంచినవాళ్ల కేసులు కూడా నేనే రిపోర్ట్ చేశాను. గల్ఫ్‌లో చెమటోడ్చిన డబ్బు అది.

మొన్న షాబాన్ నెలలో మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. ఇంట్లో పీకో, ఫాల్ పని చేస్తుంది. రంజాన్‌కి ముందే కొత్త మషీన్ కావాలి, నలభై వేలు. గలీలో మళ్లీ గ్రూపులు కడుతున్నారట. చేరమంటారా మామూ అని అడిగింది. సూద్ వద్దు బేటీ అన్నాను, నేను అడిగి చెప్తానన్నాను. నాకు తెలిసిన ఒక బిలా సూదీ సొసైటీకి వెళ్లాను. సలాం చెప్పి కూర్చోబెట్టారు, చాయ్ ఇచ్చారు. బంగారం లేకపోతే ఇద్దరు సర్కారీ నౌకర్ల జమానత్ కావాలన్నారు. నాకు తెలిసిన సర్కారీ నౌకర్లు ఒకాయన రిటైరయ్యారు, ఇంకొకాయన ఫోన్ ఎత్తలేదు. నా దగ్గరున్నది పన్నెండు వేలు. అవి పంపాను.

ఆమె గ్రూపులో చేరింది. కార్డు ఫొటో తీసి నాకు పంపింది, “హిసాబ్ సరిగ్గా ఉందో లేదో చూడండి మామూ” అని. చూశాను. ఇప్పుడు వడ్డీ దాచకుండా ఏడాది లెక్కలోనే రాస్తున్నారు, ఆ మేరకు మార్పు వచ్చింది. పామర్ రేటుకి కాస్త అటూ ఇటూగా ఉంది. మషీన్ వచ్చింది. పొద్దున్నే సహరీ అయ్యాక మొదలుపెడితే రాత్రి తరావీహ్ దాకా దాని చప్పుడు ఆగడం లేదని వాళ్లమ్మ చెప్పింది. మీటింగ్ ప్రతి మంగళవారం పొద్దున ఏడింటికి, గలీ చివర అదే ఖాలా ఇంటి ముందు.